ఎక్స్‌టెన్షన్ లేకుండా కంప్యూటర్ మొత్తానికీ యాడ్స్ ఆపడం ఎలా?

మబ్బులగుర్రం

అందరికీ నమస్కారం. నాది విండోస్ 11 ల్యాప్‌టాప్. ఇన్నాళ్లూ క్రోమ్‌లో యాడ్స్ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ వాడాను. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చాక అది ఆగిపోయింది, దాని లైట్ వెర్షన్ వేసుకున్నాను. బ్రౌజర్ వరకు పర్వాలేదు. కానీ ఫ్రీగా వాడుకునే పీడీఎఫ్ యాప్‌లో కింద ఎప్పుడూ ఒక బ్యానర్ కదులుతూ ఉంటుంది. స్టార్ట్ మెనూలో నేను అడగని యాప్‌లు కనిపిస్తాయి. అన్నిటికంటే చిరాకు, స్క్రీన్ కుడి వైపు కింద మూలలో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లిక్ చేయండి" అని పాపప్. క్రోమ్ మూసేసినా అది వస్తూనే ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఒక్కచోట మారిస్తే కంప్యూటర్ మొత్తానికీ వర్తించే పద్ధతి ఏదైనా ఉందా? బ్యాంకు పనులు కూడా ఇందులోనే చేస్తాను కాబట్టి కొత్త ప్రమాదం నెత్తికి తెచ్చుకునేది మాత్రం వద్దు.

జీరోడాట్

హోస్ట్స్ ఫైల్ ఉండగా వేరే ఏం కావాలి? పైసా ఖర్చు లేదు, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ ఫోల్డర్. అక్కడ హోస్ట్స్ అనే ఫైల్ ఉంటుంది. ఏ ప్రోగ్రామైనా ఒక సైట్ పేరు చెప్పి దాని అడ్రస్ అడిగితే విండోస్ ముందు ఈ ఫైల్‌నే చూస్తుంది. ఒక లైన్‌లో 0.0.0.0 అని రాసి, ఖాళీ వదిలి, పక్కన యాడ్ సర్వర్ పేరు రాస్తే చాలు. ఆ పేరుకి ఇక దారి ఉండదు. బ్రౌజరైనా యాప్ అయినా ఒకటే.

పేర్లు మీరు ఏరుకోనక్కర్లేదు. గిట్‌హబ్‌లో స్టీవెన్ బ్లాక్ లిస్ట్ అని ఉంటుంది, రకరకాల లిస్టులను కలిపి డూప్లికేట్లు తీసేసి ఇస్తారు. దాన్ని తెచ్చి మీ ఫైల్‌లో అతికించండి.

తెల్లకాగితం

నాదీ ఇదే బాధ కాబట్టి మధ్యలో దూరుతున్నాను. జీరోడాట్ గారు చెప్పినట్టే చేశాను, సేవ్ చేయబోతే పర్మిషన్ లేదంటోంది. వేరే పేరుతో సేవ్ చేసి ఆ ఫోల్డర్‌లో పెట్టాను, ఏమీ మారలేదు.

జీరోడాట్

నోట్‌ప్యాడ్ మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని తెరవండి, ఆ తర్వాత అందులోంచి ఫైల్ ఓపెన్ చేయండి. మీరు వేరేగా సేవ్ చేసినదానికి చివర డాట్ టీఎక్స్‌టీ తగిలి ఉంటుంది. హోస్ట్స్ అన్న పేరుకి తోక ఏదీ ఉండకూడదు. ఎక్స్‌ప్లోరర్‌లో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" చూపించమని టిక్ పెడితే తోక కనబడుతుంది.

అయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టండి (టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే). బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవండి.

చీకటిటెర్మినల్

మబ్బులగుర్రం గారూ, ఆ ఫైల్ ముట్టుకునే ముందు ఒక్క నిమిషం. మీరు చెప్పిన మూడూ మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నాయి. వాటిలో హోస్ట్స్ ఫైల్‌కి లొంగేది ఒక్క పీడీఎఫ్ యాప్ బ్యానరే.

ముందు ఆ "5 వైరస్‌లు" సంగతి. నూటికి తొంభై పాళ్లు అది వైరస్ కాదు, యాడ్ సర్వర్ నుంచి వచ్చే బ్యానర్ కూడా కాదు. ఎప్పుడో ఏదో సైట్ "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటే నొక్కి ఉంటారు. అది రోబో పరీక్ష కాదు, నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి. అప్పటి నుంచి ఆ సైట్ మీ విండోస్ నోటిఫికేషన్ల పెట్టెలోకి ఏది కావాలంటే అది తోస్తోంది. ఆ పాపప్‌ను జాగ్రత్తగా చూడండి, అక్షరాల పక్కనో కిందో చిన్నగా క్రోమ్ పేరు, ఏదో వింత సైట్ పేరు ఉంటాయి.

క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల లిస్ట్‌లో మీకు గుర్తు లేని ప్రతి పేరు పక్కనా మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. ఇంకా ఏ సైటూ అడగకుండా పైనున్న మీట కూడా మార్చేయండి. మూసేసినా రావడానికి కారణం క్రోమ్ తెర వెనక నడుస్తూ ఉండటం. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే విభాగంలో, క్రోమ్ మూసినా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడవనివ్వాలా అనే మీట ఉంటుంది, ఆపేయండి. పాపప్ మీద మాత్రం క్లిక్ చేయకండి.

స్టార్ట్ మెనూ సిఫార్సులు విండోస్ సొంత సరుకు. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, స్టార్ట్‌లో సిఫార్సుల మీట ఆపండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్ కింద "సింక్ ప్రొవైడర్ నోటిఫికేషన్స్" అని ఒక టిక్ ఉంటుంది, అదీ తీసేయండి. ఈ పేరు చూసి అది యాడ్లకు సంబంధించిందని ఎవరికైనా తడుతుందా చెప్పండి!

మబ్బులగుర్రం

చీకటిటెర్మినల్ గారూ, అచ్చం అదే! నోటిఫికేషన్స్‌లో నేను జన్మలో చూడని సైట్లు వరసగా ఉన్నాయి. అన్నీ తీసేశాను, పాపప్ మళ్లీ రాలేదు. స్టార్ట్ మెనూ కూడా శుభ్రపడింది. ఇక మిగిలింది యాప్‌లలో యాడ్స్, బ్రౌజర్‌లో లైట్ వదిలేసినవి. హోస్ట్స్ ఫైలే మంచిదా, డీఎన్ఎస్ (సైట్ పేరు చెబితే దాని అడ్రస్ ఇచ్చే సర్వర్) మార్చాలా? వేరే చోట రెండు రకాలుగానూ చదివాను.

పెంగ్విన్‌పిన్ని

ఒక్క మెషీన్‌కైతే నా ఓటు డీఎన్ఎస్‌కే. కారణాలు చెప్తాను.

హోస్ట్స్ ఫైల్‌లో ఒక్కో పేరూ పూర్తిగా రాయాల్సిందే. డబుల్‌క్లిక్ డాట్ నెట్ అని రాస్తే, దాని ముందు "యాడ్ డాట్" తగిలించుకుని వచ్చేది ఆగదు, దానికి ఇంకో లైన్ కావాలి. యాడ్ కంపెనీలు ముందు తోకలు మారుస్తూనే ఉంటాయి. అందుకే ఆ లిస్టులు లక్ష లైన్లు కూడా దాటిపోతాయి. విండోస్‌లో ఫైల్ అంత పెద్దదైతే పేర్లు వెతికే డీఎన్ఎస్ క్లయింట్ సర్వీస్ మొరాయించడం మామూలే. పైగా లిస్ట్ మీరే అప్‌డేట్ చేసుకుంటూ ఉండాలి.

ఇంకోటి, 2020 నుంచి విండోస్ డిఫెండర్ ఈ ఫైల్‌లో మైక్రోసాఫ్ట్ సర్వర్ల పేర్లు కనబడితే "హోస్ట్స్ ఫైల్ హైజాక్" అని హెచ్చరిక ఇస్తుంది, సరే అంటే ఫైల్‌ను మొదటి స్థితికి తెచ్చేస్తుంది. అన్నీ పోయాయేమిటా అని వెతుక్కుంటారు.

యాడ్స్ ఆపే డీఎన్ఎస్ సర్వర్ అయితే లిస్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, డొమైన్ మొత్తాన్ని తోకలతో సహా ఆపుతుంది. యాడ్‌గార్డ్ డీఎన్ఎస్ ఉచితం, అకౌంట్ అక్కర్లేదు. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మీ వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కి మాన్యువల్ పెట్టండి. ఐపీవీ4 ఆన్ చేసి మొదటి గడిలో 94.140.14.14, రెండో గడిలో 94.140.15.15.

రెండో గడి విషయంలో చాలామంది దెబ్బతింటారు. "మొదటిది పని చేయకపోతే ఉంటుంది కదా" అని అక్కడ గూగుల్ వాళ్ల 8.8.8.8 పెడతారు. అది యాడ్స్‌ను ఆపదు. విండోస్ రెండోదాన్ని ఎప్పుడు అడుగుతుందో మన చేతుల్లో లేదు, మొదటిది కాస్త ఆలస్యం చేస్తే చాలు అటు పోతుంది. అప్పుడు ఒకసారి యాడ్ రావడం, ఒకసారి రాకపోవడం. రెండు గడుల్లోనూ ఆపేవే ఉండాలి. అలాగే మీ కనెక్షన్‌లో ఐపీవీ6 (ఇంకో రకం అడ్రస్‌ల పద్ధతి) ఉంటే దానికీ వాళ్ల అడ్రస్‌లే ఇవ్వండి (వాళ్ల సైట్‌లో ఉంటాయి), లేకపోతే రౌటర్ ఇచ్చే డీఎన్ఎస్ ఆ దారిలో వచ్చేస్తుంది.

జీరోడాట్

> హోస్ట్స్ ఫైల్‌లో ఒక్కో పేరూ పూర్తిగా రాయాల్సిందే

నిజమే. కానీ పిన్నిగారూ, డీఎన్ఎస్ మారిస్తే మీరు తెరిచే ప్రతి సైట్ పేరూ ఆ కంపెనీకి తెలుస్తుంది. నా ఫైల్ నా కంప్యూటర్ దాటి పోదు. పైగా నెట్ ఎక్కడ కనెక్ట్ చేసినా అదే పని చేస్తుంది. డీఎన్ఎస్ కంటే ముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది! అర్పానెట్ రోజుల్లో ఊరూపేరూ ఉన్న కంప్యూటర్లన్నీ ఒకే హోస్ట్స్ ఫైల్‌లో ఉండేవి, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి అందరూ కాపీ తెచ్చుకునేవాళ్లు. ఆ ఫైల్ మోయలేనంత అయ్యాకే 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ రూపొందించారు.

పెంగ్విన్‌పిన్ని

మోయలేనంత అయ్యాక అని మీరే అన్నారుగా బాబూ. లక్ష లైన్లతో మనం మళ్లీ అక్కడికే పోతున్నాం :)

ప్రైవసీ మాట ఒప్పుకుంటాను. అయితే ఇప్పుడు ఆ పేర్లన్నీ మీ ఇంటర్నెట్ ప్రొవైడర్‌కి తెలుస్తూనే ఉన్నాయి. ఎవరికి తెలియాలన్నదే మన చేతిలో ఉంది. ఎవరికీ వద్దనుకుంటే యాడ్‌గార్డ్ హోమ్ అని ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, సొంత కంప్యూటర్‌లోనే డీఎన్ఎస్ సర్వర్‌లా నడుస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. డీఎన్ఎస్ గడిలో 127.0.0.1 పెడితే లిస్టులూ లాగ్‌లూ మీ దగ్గరే. లిస్టులో లేని పేర్లకు అడ్రస్ కోసం బయట ఎవరినో ఒకరిని అడగక తప్పదనుకోండి. పై-హోల్ కూడా ఇలాంటిదే, కానీ దానికి ఎప్పుడూ ఆన్‌లో ఉండే వేరే లినక్స్ మెషీన్ కావాలి. ల్యాప్‌టాప్ బయటికి తీసుకెళ్తే అది వెంట రాదు.

అరవైనాలుగుబిట్లు

క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 పెడితే సరిపోదా? స్పీడ్ కూడా కదా?

చీకటిటెర్మినల్

స్పీడే, కానీ యాడ్స్ ఆపదు. 1.1.1.2 మాల్‌వేర్ ఆపుతుంది, 1.1.1.3 దాంతోపాటు పెద్దల సైట్లనూ ఆపుతుంది, యాడ్స్ జోలికి రెండూ పోవు. క్వాడ్9 వారి 9.9.9.9 కూడా మాల్‌వేర్ వరకే.

తెల్లకాగితం

హోస్ట్స్ ఫైల్ ఈసారి సేవ్ అయింది, థాంక్స్. కానీ ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో చూస్తే డబుల్‌క్లిక్‌కి ఇంకా నిజమైన అడ్రసే వస్తోంది. అంటే పని చేయనట్టేగా?

చీకటిటెర్మినల్

ఎన్ఎస్‌లుకప్ హోస్ట్స్ ఫైల్ చూడదు, నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే అడుగుతుంది. ఆ ఫైల్‌ను పరీక్షించాలంటే పింగ్ వాడండి. నిజమైన ఐపీ అడ్రస్ నుంచి జవాబు వస్తే బ్లాక్ కాలేదన్నమాట. డీఎన్ఎస్ మార్చినవాళ్లకు మాత్రం ఎన్ఎస్‌లుకప్పే సరైనది. యాడ్‌గార్డ్ అయితే ఆపిన పేరుకి 0.0.0.0 అని జవాబిస్తుంది.

మబ్బులగుర్రం

పిన్నిగారు చెప్పినట్టు డీఎన్ఎస్ మార్చాను. పీడీఎఫ్ యాప్‌లో బ్యానర్ పోయింది!! దాని చోట బూడిద రంగు పట్టీ ఒకటి ఖాళీగా మిగిలింది, అది నాకు ఓకే. క్రోమ్‌లోనూ చాలావరకు ఆగాయి. కానీ ఫైర్‌ఫాక్స్‌లో (ఆఫీసు వెబ్‌సైట్ ఒకటి అందులోనే సరిగ్గా తెరుచుకుంటుంది) ఏమీ మారలేదు. యూట్యూబ్‌లో అయితే రెండు బ్రౌజర్లలోనూ యాడ్స్ దర్జాగా వస్తున్నాయి.

పెంగ్విన్‌పిన్ని

ఫైర్‌ఫాక్స్ విండోస్‌ను అడగకుండా తన సొంత డీఎన్ఎస్ వాడుతున్నట్టుంది. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో "డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్" దగ్గర ఆఫ్ పెట్టండి. లేదా అక్కడే కస్టమ్ అని ఎంచుకుని యాడ్‌గార్డ్ వాళ్ల లింక్ ఇవ్వండి, అదే మెరుగు, ఎన్‌క్రిప్షన్ కూడా ఉంటుంది. క్రోమ్‌లో "యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్" దగ్గర మీరు వేరే కంపెనీని ఎంచుకుంటే తప్ప ఈ పేచీ రాదు. వీపీఎన్ ఆన్ చేస్తే మాత్రం అది తన డీఎన్ఎస్ తెచ్చుకుంటుంది, మన ఏర్పాటు పక్కకి పోతుంది.

చీకటిటెర్మినల్

యూట్యూబ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఈ ప్రశ్న ఇక్కడ వారానికొకసారి వస్తుంది.

డీఎన్ఎస్ అయినా హోస్ట్స్ అయినా చూసేది పేరు ఒక్కటే. పోస్ట్‌మ్యాన్ కవరు మీద అడ్రస్ చదివినట్టే, లోపలి ఉత్తరం ఆయనకు తెలియదు. పీడీఎఫ్ యాప్ బ్యానర్ వేరే యాడ్ కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది, ఆ పేరు ఆపితే అది ఆగింది. యూట్యూబ్‌లో మీరు చూసే వీడియో, దాని ముందు వచ్చే యాడ్, రెండూ గూగుల్‌వీడియో అనే ఒకే డొమైన్ నుంచి వస్తాయి. ఆ పేరు ఆపితే యాడ్‌తో పాటు వీడియో కూడా పోతుంది. ఎక్కడో "యూట్యూబ్ యాడ్స్ ఆపే హోస్ట్స్ లిస్ట్" అని దొరికితే వేసుకోకండి, వీడియోలు మధ్యలో తిరుగుతూ కూర్చుంటాయి తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌దీ ఇదే కథ.

ఇంకో దొడ్డిదారి ఉంది. సైట్ వాళ్లు తమ సొంత డొమైన్ ముందు ఏదో చిన్న పేరు తగిలించి, డీఎన్ఎస్‌లో సీనేమ్ రికార్డుతో దాన్ని ట్రాకింగ్ కంపెనీ వైపు మళ్లిస్తారు. బయటికి సైట్ పేరులాగే కనబడుతుంది. హోస్ట్స్ ఫైల్‌కి ఇది చిక్కదు. పై-హోల్ 2020లో వచ్చిన 5.0 నుంచి ఆ గొలుసు చివరిదాకా చూసి ఆపుతోంది, యాడ్‌గార్డ్ హోమ్ కూడా చూస్తుంది. జీరోడాట్ గారి ఫైల్ కంటే వీటికి నేను మొగ్గు చూపే అసలు కారణం ఇదే.

అరవైనాలుగుబిట్లు

అయితే పేజీ లోపలికి వెళ్లి ఆపే సాఫ్ట్‌వేర్ ఉంది కదా? యాడ్‌గార్డ్‌దే డెస్క్‌టాప్ యాప్, డబ్బు కట్టేది. ఎక్స్‌టెన్షన్ కాదు, అన్ని బ్రౌజర్లకూ ఒకేసారి పని చేస్తుంది, ఖాళీ పట్టీలు కూడా ఉండవు. మబ్బులగుర్రం గారికి కావలసింది అదే.

జీరోడాట్

అది ఎన్‌క్రిప్ట్ అయిన హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ లోపలికి ఎలా వెళ్తుందో కూడా చెప్పండి మరి. మీ కంప్యూటర్‌లో సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్ అసలుదో తేల్చడానికి కంప్యూటర్ నమ్మే పత్రం) పెట్టి, సైట్‌కీ మీకూ మధ్య కూర్చుని అంతా విప్పి చదివి, మళ్లీ కట్టి ఇస్తుంది. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడ్డ సూపర్‌ఫిష్ చేసింది ఇదే. అది యాడ్స్ పెట్టడానికి, ఇది తీయడానికి, అంతే తేడా. ఆయన మొదటి పోస్ట్‌లోనే బ్యాంకు పనులు చేస్తానన్నారు.

అరవైనాలుగుబిట్లు

అంతే తేడా కాదండీ. సూపర్‌ఫిష్‌లో ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఒకటే సర్టిఫికెట్, దాంతో సంతకం చేసే రహస్య ప్రైవేట్ కీ కూడా ఒకటే. ఒక దాంట్లోంచి ఆ కీ బయటికి లాగారు, దాంతో ఎవరైనా ఏ బ్యాంకు పేరుతోనైనా దొంగ సైట్ చూపించే వీలు కలిగింది. అసలు ప్రమాదం అక్కడ. యాడ్‌గార్డ్‌లో సర్టిఫికెట్ ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్‌లోనే తయారవుతుంది, బ్యాంకు సైట్లను విప్పకుండా వదిలేసే ఏర్పాటు మొదటి నుంచీ ఉంటుంది.

చీకటిటెర్మినల్

ఇద్దరూ చెప్పింది నిజమే. కీ సంగతి పక్కన పెట్టినా, బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య ఇంకో ప్రోగ్రామ్‌ను నమ్మాల్సి వస్తుంది. దాంట్లో లోపం ఉంటే అన్ని సైట్లకూ లోపమే. నేనైతే బ్యాంకు పనులు చేసే మెషీన్‌లో పెట్టను. ఇప్పటికి డీఎన్ఎస్‌తో ఆపండి, బ్రౌజర్ లోపల మిగిలినవాటికి ఆ లైట్ ఎలాగూ ఉందిగా. రెండూ కలిసి పని చేయడానికి ఇబ్బందేం లేదు.

ఏ యాప్ ఎవరితో మాట్లాడుతోందో చూసి, యాప్‌ల వారీగా ఆపాలనుకుంటే పోర్ట్‌మాస్టర్ అని ఓపెన్ సోర్స్ ఫైర్‌వాల్ ఉంది, విండోస్‌కీ లినక్స్‌కీ. సర్టిఫికెట్ల గొడవ ఉండదు. కాస్త ఓపిక కావాలి.

మోడరేటర్

ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఇవేవీ చేయకండి, ఐటీ విభాగాన్ని అడగండి. అలాగే పైన "క్రాక్ చేసిన యాడ్‌బ్లాకర్" లింక్ పెట్టిన పోస్ట్ తొలగించాను. యాడ్స్ తప్పించుకోబోయి మాల్‌వేర్ తెచ్చుకునే దారి అది.

తెల్లకాగితం

ఒక ఇబ్బంది. ఇప్పుడు గూగుల్‌లో వెతికితే పైన వచ్చే లింకులు కొన్ని నొక్కినా తెరుచుకోవట్లేదు. మెయిల్‌లో "అన్‌సబ్‌స్క్రైబ్" నొక్కినా అంతే.

పెంగ్విన్‌పిన్ని

పైన వచ్చేవి "స్పాన్సర్డ్" లింకులు. అవి నేరుగా సైట్‌కి పోవు, క్లిక్ లెక్కపెట్టే సర్వర్ మీదుగా పోతాయి. దాన్నే మనం ఆపాం. కాస్త కిందికి దిగితే అదే సైట్ మామూలు ఫలితంగా చాలాసార్లు దొరుకుతుంది. మెయిల్‌లో లింకులూ అలాగే లెక్కల సర్వర్ మీదుగా వెళ్తాయి. హోస్ట్స్ ఫైల్ కాబట్టి మీరు ఆ సర్వర్ పేరు ఉన్న లైన్ ముందు # పెట్టి సేవ్ చేసి, డీఎన్ఎస్ ఫ్లష్ చేసి, పని అయ్యాక తీసేయండి. తెరుచుకోని పేజీలో అడ్రస్ బార్ చూస్తే ఏ పేరో తెలుస్తుంది.

మబ్బులగుర్రం గారికి ఇక్కడే ఒక మాట. అకౌంట్ లేకుండా వాడే ఉచిత యాడ్‌గార్డ్ డీఎన్ఎస్‌లో ఒక్క సైట్‌కి మినహాయింపు ఇచ్చే వీలు లేదు. ఆ అవసరం తరచూ వస్తే నెక్స్ట్‌డీఎన్ఎస్‌లో అకౌంట్ తీసుకోండి. నెలకు 3,00,000 క్వెరీల (పేరుకి అడ్రస్ అడిగే ప్రశ్నల) దాకా ఉచితం, దాటితే నెట్ ఆగదు గానీ ఆ నెలంతా యాడ్స్ ఆపడం మానేస్తుంది. ఒక్క ల్యాప్‌టాప్‌కి అంత అవ్వడం కష్టం. మీ యాప్‌లు రోజంతా ఏయే పేర్లను అడుగుతున్నాయో లాగ్‌లో కనిపిస్తుంది, ఒకసారి చూడండి, మతి పోతుంది.

మబ్బులగుర్రం

నెక్స్ట్‌డీఎన్ఎస్ పెట్టాను. లాగ్ చూశాను. ఆ పీడీఎఫ్ యాప్‌ను ముట్టుకోకుండా వదిలేసినా సరే, బ్యానర్ కోసం మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది! దాన్ని తీసేసి వేరేది వేసుకున్నాను, అసలు మొదటే ఆ పని చేయాల్సింది అనిపిస్తోంది.

చివరి ప్రశ్న. బయట పబ్లిక్ వైఫైకి కనెక్ట్ అయితే లాగిన్ పేజీ రావట్లేదు. దీనికీ డీఎన్ఎస్సే కారణమా?

చీకటిటెర్మినల్

అవును. అలాంటి వైఫైలు మీ డీఎన్ఎస్ ప్రశ్నను మధ్యలో పట్టుకుని లాగిన్ పేజీకి మళ్లిస్తాయి. మీది ఎన్‌క్రిప్ట్ అయి బయటి సర్వర్‌కి పోతోంది కాబట్టి వాటికి చిక్కదు. అక్కడ డీఎన్ఎస్ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్ చేసి, లాగిన్ అయ్యాక మళ్లీ మాన్యువల్‌కి మార్చుకోండి. విండోస్ 11లో హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లో పెట్టిన డీఎన్ఎస్ అన్ని వైఫైలకూ వర్తిస్తుంది, కాబట్టి తిరిగి మార్చడం మర్చిపోతే ఇంట్లోనూ యాడ్స్ వస్తాయి.